భీమిలికి ఒక రాత్రి కేటాయించండి

విశాఖపట్నం చూడవచ్చినవారిలో ఎక్కువమంది భీమిలిని (భీమునిపట్నాన్ని) బీచ్ రోడ్డు చివర తగిలే ఆఖరి మజిలీగానే లెక్కవేస్తారు. మధ్యాహ్న భోజనం ముగించుకొని కారెక్కి, కైలాసగిరి, ఋషికొండ చూసుకుంటూ, ఎర్రమట్టి దిబ్బల దగ్గర పావుగంట ఆగి ఫొటోలు దిగి, పొద్దువాలే వేళకు భీమిలి ఒడ్డుకు చేరి, ముంత మసాలా తిని, చీకటి పడేలోగా వెనక్కి తిరుగుతారు. ట్యాక్సీలవారు అమ్మే ఒకరోజు యాత్రలు కూడా ఇంచుమించు ఇదే వరసలో సాగుతాయి. అలా చూసినవారు "భీమిలిలో ఏముంది, మామూలు బీచే కదా" అని పెదవి విరిస్తే వారిని తప్పుపట్టలేం, ఎందుకంటే తూర్పు తీరంలో సూర్యుడు వీపు వెనక దిగిపోతుండగా, సెలవురోజు రద్దీలో చూస్తే ఏ తీరమైనా అలాగే అనిపిస్తుంది. ఈ ఊళ్లో ఒక రాత్రి బసచేసి, తెల్లవారుజామున లేచి, తీరాన్నీ దిబ్బలనూ పాత వీధులనూ కాలినడకన చూసినవారికి మాత్రం ఆంధ్ర తీరంలో ఇంత చిన్న పరిధిలో ఇన్ని రకాల దృశ్యాలున్న ఊరు మరొకటి వెంటనే గుర్తుకు రాదని నా అభిప్రాయం.

ముందుగా దారి సంగతి చెప్పాలి. విశాఖ నుంచి తీరం వెంబడి వెళితే భీమిలి పాతిక, ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆనందపురం, తగరపువలస మీదుగా జాతీయ రహదారి పట్టుకొని కూడా చేరవచ్చు గాని, కొత్తగా వచ్చినవారు ఆ దారిని ఎంచుకోవడానికి కారణమేమీ కనిపించదు. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కె నంబరు సిటీ బస్సులు నడుస్తాయి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన సీటు దొరికితే టెన్నేటి పార్కు దాటిన దగ్గర నుంచి సముద్రం దాదాపు చివరిదాకా తోడుగా వస్తుంది, ఎడమవైపున తూర్పు కనుమల కొండలు ఒక్కొక్కటిగా రోడ్డు దాకా దిగివస్తాయి. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీది పచ్చదనాన్ని ఒక్క రోజులో ఊడ్చేసింది. ఆ తరవాత పెరిగిన చెట్లను ఇప్పుడు చూస్తున్నాం. సొంత వాహనంలో వెళ్లేవారు నచ్చిన చోటల్లా ఆగవచ్చు, అది పెద్ద సౌకర్యమే. కాకపోతే ఈ రోడ్డు మీద రాత్రిపూట బైకుల వేగం చూస్తే గుండె ఝల్లుమంటుంది కనుక చీకటి పడ్డాక తిరుగుప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది.

దారిలో ఆగదగినవి రెండున్నాయి. మొదటిది తొట్లకొండ. 128 మీటర్ల ఎత్తున, సముద్రానికి ఎదురుగా, రెండు వేల సంవత్సరాల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం ఇది. 1976లో నౌకాదళం స్థావరం కోసం విమానంలో సర్వే జరిపినప్పుడు దీని జాడ బయటపడింది, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయంటే, కింద కనిపించే ఈ తీరానికి ఆనాడు ఎంత దూరం నుంచి వర్తకం నడిచిందో ఊహించుకోవచ్చు. స్తూపం, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడటానికి ముప్పావు గంట చాలు, కాని మహాస్తూపం దగ్గర నిలబడితే తీరం వంపు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది కాబట్టి అక్కడ మరికాసేపు ఆగాలనిపిస్తుంది. రెండోది మంగమారిపేట ఒడ్డున, అలల తాకిడికి మధ్యలో తొలుచుకుపోయిన సహజ శిలాతోరణం. ఆటుపోట్లు చూసుకొని, నీరు వెనక్కి తగ్గిన వేళ వెళితేనే దాని దగ్గరకు నడవగలం. రాళ్ల మీద నాచు బాగా జారుతుంది.

ఇక ఎర్రమట్టి దిబ్బల విషయానికి వద్దాం. భీమిలికి కొద్ది కిలోమీటర్ల ముందు, రోడ్డుకు ఆనుకొని, కొండలకూ సముద్రానికీ మధ్య పరచుకొని ఉన్న ఈ దిబ్బలను చూడకుండా భీమిలి ప్రయాణం పూర్తయిందనుకోకూడదు. రోడ్డు మీద నుంచి కనిపించేది చాలా కొద్ది భాగం. లోపలికి పది నిమిషాలు నడిచి, వానాకాలపు గెడ్డలు (వాగులు) కోసిన ఇరుకైన లోయల్లోకి దిగితే, రెండు పక్కలా తాడిచెట్టు ఎత్తు ఎర్రని గోడలు లేస్తాయి, రోడ్డు మీది హారన్ల మోత హఠాత్తుగా ఆగిపోతుంది. అక్కడ గోడను వేలితో తాకితే రాయిలా గట్టిగా తోస్తుంది. కింద రాలినదాన్ని అరచేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయే సన్నని ఇసుక. లోయ అడుగున గెడ్డ ఎండిన చోట ఆ ఇసుక మెత్తగా, చల్లగా ఉంటుంది, పొద్దున్నే వెళితే చెప్పులు విడిచి నడవాలనిపిస్తుంది.

ఈ దిబ్బలు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకొని వెళితే చూపే మారిపోతుంది. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, గత హిమయుగం తీవ్రంగా ఉన్న కాలంలో, భూమి మీది నీరు పెద్ద ఎత్తున మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అలా బయటపడిన సముద్రపు అడుగు మీద ఎండిన ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి కొండల వారగా మేటలు వేసింది. ఆ తరవాత వేల సంవత్సరాల ఎండలూ వానలూ ఇసుకలోని ఇనుము ఉన్న ఖనిజాలను తుప్పు పట్టించగా ఒక్కొక్క రేణువుకూ ఎర్రని పూత పట్టింది. నిటారుగా తెగిన గోడ దగ్గర ఆగి పరిశీలిస్తే పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుకరంగు పొర, ఇంకా కింద గులకల్లాంటి గట్టి ముద్దలున్న ముదురు గోధుమరంగు పొర, అట్టడుగున మళ్లీ పసుపు ఇసుక వరసగా కనిపిస్తాయి. ఒకప్పటి చెట్ల వేళ్ల చుట్టూ ఖనిజాలు పేరుకొని గట్టిపడగా మిగిలిన సన్నని గొట్టాలు కూడా అక్కడక్కడ గోడలోంచి పొడుచుకొని ఉంటాయి. రాతియుగపు మనుషుల పనిముట్లు సైతం ఈ ప్రాంతంలో దొరికాయి. దక్షిణాసియాలోని ఉష్ణమండల తీరాల్లో ఇటువంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులోని తేరి ఇసుకలుగానూ, శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా చెప్పుకోదగ్గంతగా లేవు. అందుకే 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన తిరుమల కొండలతో పాటు ఇవి కూడా చేరాయి.

ఇంతటి చోటును సందర్శకుడికి చూపించే తీరు మాత్రం దాని స్థాయికి తగినట్టు లేదు. నేను చూసినంతలో ఈ కథనంతటినీ నాలుగు బొమ్మలతో, తేలిక తెలుగులో వివరించే ఫలకాలుగానీ, వెంట నడిచి పొరలు చూపించి చెప్పగలిగే గైడుగానీ లేరు. ఫలితంగా పది మందిలో తొమ్మిది మంది దీన్ని సినిమా షూటింగులు జరిగే స్థలంగా మాత్రమే గుర్తుపెట్టుకొని వెళ్లిపోతున్నారు. లోయల మొదట్లో నీళ్ల సీసాలూ చిప్సు పొట్లాలూ పేరుకొని ఉంటాయి. గోడల మీద మేకులతో పేర్లు చెక్కేవారి ఉత్సాహానికి అంతే లేదు. ఆ పేర్లు ఒకటి రెండు వానలకు చెరిగిపోతాయన్న మాట నిజమే గాని, వాటితో పాటు వేల ఏళ్లు నిలిచిన పొర కూడా ఇంతో అంతో రాలిపోతుంది. 2024లో దిబ్బల వారన యంత్రాలతో తవ్వకాలు జరిగినప్పుడు నగరంలో పెద్ద దుమారమే రేగింది. ఒకసారి చదును చేసిన దిబ్బను మళ్లీ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు, దాన్ని నిలబెట్టిన హిమయుగపు గాలి ఇప్పుడు లేదు కదా! దిబ్బలు చూడవెళ్లేవారికి నా సలహాలు కొన్ని ఉన్నాయి. సూర్యుడు పైకెక్కక ముందే వెళ్లాలి, ఎందుకంటే లోపల నీడ దాదాపు ఉండదు, పైగా ఏటవాలు వెలుగులోనే పొరల రంగులు విడివిడిగా తేలుతాయి. అంచుల మీదకు ఎక్కి ఫొటోలు దిగకూడదు, పైన గట్టిగా కనిపించే అంచు కింద గుల్లగా ఉండవచ్చు. లోయలన్నీ ఒకేలా ఉండి దారి తప్పించే అవకాశం ఉంది కనుక, పిల్లలతో వెళ్లినవారు సముద్రం ఏ వైపున ఉందో గుర్తు పెట్టుకొని నడవాలి. మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి, ఖాళీ సీసాను వెంటే తెచ్చుకోవాలి.

భీమిలి ఊరు ఎర్రమట్టి దిబ్బలంత ఆర్భాటంగా కళ్లకు కట్టదు. నెమ్మదిగా తిరిగేవారికే అది దొరుకుతుంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. 1824 నాటి ఆంగ్లో డచ్ ఒప్పందం తరవాత, 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది, అంటే నేటి మహానగరాలు కొన్ని ఇంకా పల్లెలుగా ఉన్న రోజుల్లోనే భీమిలికి పట్టణ హోదా దక్కింది. సముద్రం ఒడ్డునే ఉన్న డచ్చివారి శ్మశానవాటికలో మొనదేలిన స్తంభాల వంటి సమాధులు, వాటి మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటికి వేల మైళ్ల దూరంలో, చాలామంది చిన్న వయసులోనే, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసినవారు వీళ్లు. ఉప్పుగాలి అక్షరాలను కూడా మెల్లగా తినేస్తోంది. లైట్‌హౌసు, గడియార స్తంభం, పెంకుటిళ్ల వీధులు, పాత చర్చి అన్నీ ఒకదానికొకటి నడిచిపోగలిగే దూరంలోనే ఉంటాయి. వాటి మధ్య మూతపడిన గిడ్డంగుల గోడలు కనిపిస్తే అవి ఒకప్పటి రేవు వ్యాపారపు ఆనవాళ్లని గుర్తించాలి. గోగునారకు ప్రపంచ విపణిలో బిమ్లిపటం జూట్ అన్న పేరు ఈ రేవు వల్లే స్థిరపడింది. మనం పప్పులో వేసుకునే గోంగూరకు దగ్గరి చుట్టమైన మొక్క నార ఈ ఊరిపేరు పెట్టుకొని ఓడలెక్కి విదేశాలకు వెళ్లిందంటే తెలుగువాళ్లకు కాస్త ముచ్చటగానే ఉంటుంది. దగ్గరలోని చిట్టివలస జూట్ మిల్లు కూడా ఆ వ్యాపారం నుంచి పుట్టిందే, దాని యంత్రాలు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

తీరాన్ని మాత్రం తెల్లవారుజామునే చూడాలి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల కిందుగా ప్రవహించి వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఇసుక మేట నది నోటిని చాలావరకు మూసేస్తుంది, వానలు పడ్డాక నది ఆ మేటను కోసుకొని బయటపడుతుంది, అందువల్ల సంగమం దగ్గర ఒడ్డు ఆకారం ఒక ఋతువులో చూసినట్టు మరో ఋతువులో ఉండదు. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య పడవలు ఒడ్డుకు చేరతాయి. వలలోంచి చేపలు విడదీసేవారు, గంపలతో నిలబడి బేరమాడే ఆడవాళ్లు, వాలిపోతూ లేచిపోతూ కాకులు, ఒక అరగంట సేపు ఒడ్డంతా సందడిగా ఉంటుంది. ఆ సమయంలో మనం పక్కకు జరిగి నిలబడటం మర్యాద. అనుమతి అడగకుండా వారి ముఖాల మీదకు ఫోన్లు పెట్టడం చాలామంది పర్యాటకులకు అలవాటైపోయింది, అది వారికి ఎంత చిరాకో వారి మాటల్లోనే తెలుస్తుంది. అల వెనక్కి వెళ్లినప్పుడు తడి ఇసుక మీద నల్లని చారలూ ఊదా కలిసిన ఎర్రని చారలూ మిగులుతాయి. ఎవరో మురికి పారబోశారని అనుకునేవారున్నారు, కాని ఆ నలుపు ఇల్మెనైటు, ఆ ఎరుపు గార్నెట్. తేలిక ఇసుకను అల లాక్కుపోగా బరువైన ఈ ఖనిజాలు వెనక మిగిలిపోతాయి. ఒక చిటికెడు తీసి ఎండకు పట్టి చూస్తే గార్నెట్ రేణువులు గాజుపొడిలా మెరుస్తాయి. జనవరి నుంచి కొన్ని నెలలపాటు ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కనుక, ఆ కాలంలో రాత్రివేళ ఒడ్డు మీద లైట్లు వేసి తిరగకపోవడం మంచిది.

ఈతకు ఈ తీరం సురక్షితమని ఎవరు చెప్పినా నమ్మవద్దు. విశాఖ తీరమంతటా ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నట్టుండి ఏర్పడతాయి, నది కలిసే చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మోకాళ్ల లోతు దాటకుండా అలలతో ఆడుకోవడం వరకే సరిపెట్టుకోవాలి.

ఓపిక ఉన్నవారు నరసింహస్వామి గుడి ఉన్న పావురాలకొండ కూడా ఎక్కవచ్చు. ఇది కూడా ఒకప్పటి బౌద్ధ క్షేత్రమే. వాన నీటిని నిలువ చేసుకోవడానికి కొండరాతిలో తొలిచిన తొట్లు ఇక్కడ కూడా ఉన్నాయి. గోస్తనీ మలుపు, ఊరి పెంకులు, సముద్రం కలిపి ఒకే దృశ్యంగా చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. బావికొండ బౌద్ధారామాన్ని కూడా ఇదే ప్రయాణంలో కలుపుకోవచ్చు గాని, తొట్లకొండ చూసినవారికి అది తప్పనిసరి అని నేననుకోను.

తిండి విషయంలో భీమిలి నిరాశపరచదు, ఎక్కడ తినాలో తెలిస్తే. ఒడ్డు మీది బండ్ల దగ్గర మసాలా పట్టించి వరసగా పేర్చిన చేపలు చూడటానికి నోరూరించేట్టు ఉంటాయి. అయితే సెలవురోజు సాయంత్రాల్లో నూనె పదేపదే మరుగుతుంది, రంగు కూడా ధారాళంగా పడుతుంది. ధర ముక్కను బట్టి ఉంటుంది కాబట్టి వేయించక ముందే అడిగి ఖరారు చేసుకోవడం అవసరం. అడగకుండా తిన్నవారికి లెక్క చెప్పే వేళ వాదన తప్పదు. వీటికంటే ఊళ్లోని చిన్న మెస్సుల్లో మధ్యాహ్న భోజనం నాకు బాగా నచ్చింది. అటువంటి ఒక చోట వడ్డించిన నెత్తళ్ల వేపుడు కరకరలాడుతూ, ఉప్పూ కారం తప్ప మరో ఆర్భాటం లేకుండా ఉంది. పచ్చిమామిడి వేసి వండిన చేపల పులుసు చిక్కగా, పుల్లగా, ముందురోజు వండి ఉంచినదానికుండే రుచితో ఉంది. వంజరం, చందువ అడిగితే అన్ని రోజులూ దొరకవు, ఆ పూట పడవల్లో ఏది వస్తే అదే తినడం తెలివైన పని. సముద్రంలో వేట నిషేధం అమలులో ఉండే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు తాజా చేపల మీద ఆశ పెట్టుకోకూడదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు అప్పుడే తాటిముంజలు వస్తాయి. శాకాహారులకు ఇడ్లీ, ఉప్మా, పూరీ వంటివి పొద్దున్నే వేడివేడిగా దొరుకుతాయి గాని, మధ్యాహ్నం మంచి శాకాహార భోజనం కావాలంటే కాస్త వెతుక్కోక తప్పదు.

బస విషయంలోనే భీమిలికి తక్కువ మార్కులు వేస్తాను. ఊళ్లో ఉన్న లాడ్జీలు సాదాసీదావి. బీచ్ రోడ్డు మీది రిసార్టులు ఖరీదైనవి, వాటిలో ఎక్కువ భాగం ఊరికి దూరంగా, నడిచి ఎక్కడికీ వెళ్లలేని చోట ఉంటాయి. నేను దిగిన ఒక రిసార్టులో సముద్రం కనిపించే గది అని ఎక్కువ డబ్బు తీసుకొని ఇచ్చిన గదిలోంచి ప్రహరీ గోడ, దాని మీదుగా బెత్తెడు నీలం గీత కనిపించాయి. గదులు శుభ్రంగానే ఉన్నా, వేడినీళ్లు పొద్దున ఏడుకు ముందు రావని ముందుగా చెప్పలేదు. అయిదింటికే లేవాలని వచ్చినవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. కాబట్టి గది తీసుకునే ముందు సముద్రం ఏ అంతస్తు నుంచి కనిపిస్తుందో, వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయో, తెల్లవారుజామున గేటు తీస్తారో లేదో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాలి. వీలైతే సౌకర్యాలు తక్కువైనా ఊళ్లోనే దిగండి, ఒడ్డుకు అయిదు నిమిషాల్లో నడిచి వెళ్లవచ్చు, ఆటో కోసం ఎదురుచూడనక్కరలేదు. ఋషికొండ దగ్గర దిగితే మాత్రం తెల్లవారక ముందే భీమిలి చేరడానికి సొంత వాహనం ఉండి తీరాలి.

వెళ్లడానికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపాను హెచ్చరికలు చూసుకొని బయలుదేరాలి, ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత వల్ల దిబ్బల్లో నడక శిక్షే అవుతుంది. వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో చేరి, ఆ సాయంత్రం పాత వీధులు, శ్మశానవాటిక, లైట్‌హౌసు చూసుకొని, మర్నాడు పొద్దున తీరం, ఆ వెంటనే దిబ్బలు, ఎండ ముదిరేలోగా తిరుగుదారిలో తొట్లకొండ పెట్టుకుంటే ఏదీ హడావుడిగా ఉండదు. పెద్దవాళ్లు వెంట ఉంటే పావురాలకొండ వదిలేయవచ్చు, దిబ్బల్లో కూడా మొదటి లోయ వరకు వెళ్లి వెనుదిరగవచ్చు. భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం వస్తున్నందువల్ల భీమిలి చుట్టుపక్కల లేఅవుట్లు, హోర్డింగులు ఏడాదికేడాదికీ పెరుగుతున్నాయి, తగరపువలస వైపు రోడ్డు మీద ఆ తేడా ఇప్పటికే తెలుస్తోంది. చూడాలనుకునేవారు ఎక్కువ కాలం వాయిదా వేసుకోకుండా ఈ చలికాలంలోనే వెళ్లడం మంచిది.